ఒట్టేసి మానిన మాత్రలు

పోయినవారం మిమ్మల్ని పసుపుడబ్బా మూత దగ్గర వదిలేసేను. మూత తీస్తే లోపల పసుపు లేదు, ఇరవై రెండు మాత్రలున్నాయని చెప్పి ఆపేను. మీకు వారం గడిచిపోయింది గానీ నేనింకా ఆ డబ్బా పట్టుకుని వంటింట్లోనే నిలబడున్నాను.

ఇవాళే చదవడం మొదలెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. నా పేరు రామలక్ష్మి. రాజోలు అవతల గోదారి పాయల మధ్యున్న లంకలో ఆశా కార్యకర్తని. పద్నాలుగేళ్ళ నుంచి మా ఊళ్ళో ఎవరికి బీపీ ఎంతుందో, ఎవరికి ఎన్నో నెలో చెప్పాల్సింది నేనే. మా మరిది కొండబాబు మస్కట్‌లో పడవల మీద పనిచేస్తాడు. వాడి పెళ్ళాం కుమారి మాతోనే ఉంటుంది, ఇద్దరిదీ ఒకటే పొయ్యి.

ఐదు నెలల కిందట కుమారికి నోట్లో, వీపు మీద నీటిపొక్కులు లేచేయి. మంచినీళ్ళు గుటకేసినా కళ్ళమ్మట నీళ్ళు కారేవి. అమలాపురంలో చర్మం డాక్టరు గారు చూసి రోగం పేరేదో చెప్పేరు, నాకిప్పటికీ నోరు తిరగదు. స్టెరాయిడ్ మాత్రలు రాసేరు. రోజుకి ఆరుతో మొదలెట్టి, నెలనెలా చూస్తూ మెల్లిగా రెండుకి దింపేరు. ఆ రెండూ పొద్దున్నే టిఫిను తిన్నాక వేసుకోవాలి. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే నేను అట్ట చూసేదాన్ని. రోజూ రెండు గదులు ఖాళీ అయ్యేవి, లెక్క సరిపోయేది.

సరిపోకేం మరి! అట్టలోంచి తీసిన మాత్రని నోట్లో వేసుకున్నా, పసుపుడబ్బాలో వేసినా అట్ట ఖాళీగానే కనిపిస్తుంది కదా. పద్నాలుగేళ్ళ సర్వీసు నాది, ఆ మాత్రం తట్టలేదు.

కుమారి వసారాలో చాప మీద పడుకునుంది. మూడు రోజుల నుంచి వాంతులు, నీరసం, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటోంది. ఈ ఎండలకేలే అనుకుని నేను మజ్జిగా, ఓఆర్ఎస్సూ కలిపి పోస్తూ వచ్చేను. డబ్బా తీసుకెళ్ళి దాని మొహం ముందు పెట్టేను.

"ఇవేంటే?"

"మాత్రలక్కా."

"మాత్రలని నాకూ తెలుసు. నీ కడుపులో ఉండాల్సినవి డబ్బాలో ఎందుకున్నాయి?"

కళ్ళు మూసుకుంది. "పారేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పదకొండు రోజులే! పదకొండు రోజుల నుంచి నన్ను వెర్రిదాన్ని చేసి ఆడిస్తున్నావా? మళ్ళీ ఆ పొక్కులొస్తే ఎవత్తె చేస్తుందే నీకు? మెత్తగా వండి, చల్లార్చి, చెంచాతో పెట్టింది ఎవరే? రేపు కొండబాబు అడిగితే ఏం చెప్పుకోవాలి నేను? నీ దుంపతెగ, వేసుకోవడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు కదా!"

అలా ఎంతసేపు అరిచేనో నాకే తెలీదు. నిజం చెప్పొద్దూ, అరవడానికి కూడా ఓపిక లేదు నాకు. అలవాటు కొద్దీ నోరు నడిచింది. అది అంతా విని, గోడకేసి తిరిగి మెల్లిగా అంది.

"నువ్వే కదక్కా మానమన్నావు. బాలాజీ మీద ఒట్టు కూడా వేయించేవు."

ఆ ఒట్టు సంగతి మీకు చెప్పాలి.

మా ఊళ్ళో ఆడవాళ్ళలో సగం మంది రొయ్యల షెడ్డుకెళ్తారు. తెల్లారగట్ల నుంచి ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తలలు తీయడం పని. నాలుగేళ్ళు చేస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి, మోకాళ్ళు పట్టేస్తాయి. వాళ్ళకి దిక్కు సత్యదుర్గారావు గారు. ఊరంతా డాక్టరు గారని పిలుస్తారు గానీ డాక్టరు కాదు, ఆర్.ఎం.పి. హస్తవాసి మంచిదని పేరు. కాగితంలో మూడు మాత్రలు చుట్టి ఇచ్చేవాడు. ఆ పొట్లం మింగిన గంటకి ముసలమ్మలు కూడా చెంగుమని లేచి షెడ్డుకి పోయేవారు. ఒకదానికి ఒళ్ళు ఉబ్బింది, ఒకదానికి సుగరొచ్చింది, ఇంకొకావిడకి కాలు జారితే తుంటి ఎముకే విరిగింది. ఆ పొట్లంలో ఒక మాత్ర స్టెరాయిడ్ అని ట్రైనింగులో తెలిసి నాకు నిప్పు మీద ఉప్పేసినట్టయింది.

పదకొండు రోజుల కిందట షెడ్డు ముందు మీటింగు పెట్టేను. ముప్పై ఆరుగురొచ్చేరు. "స్టెరాయిడ్డంటే విషం. ఎవరిచ్చినా విషమే. ఇవాళ్టి నుంచి ఒక్క మాత్ర మింగడానికి వీల్లేదు," అని చెప్పేను. ఊరికే చెప్తే వినే జాతి కాదని, చేతిలో చెయ్యేయించి అప్పనపల్లి బాలాజీ మీద ఒట్టు వేయించేను. మా వైపు ఆయన మీద ఒట్టేస్తే ప్రాణం పోయినా తప్పరు. పొట్లాలన్నీ బకెట్లో వేయించి, నీళ్ళు పోసి కరిగించేను. ఆ బకెట్ ఫొటో తీసి మా ఆశాల గ్రూపులో పెడితే ఎన్ని చప్పట్లొచ్చేయో! సత్యదుర్గారావు గారు క్లినిక్కు మూసేసి కొత్తపేటలో కూతురింటికి వెళ్ళిపోయేరు. నేను గెలిచేనని ఆ పూట పాయసం కూడా వండేను, సిగ్గులేకుండా.

"నువ్వక్కడెందుకున్నావే?" అని కుమారిని అడిగేను.

"నీకు కేరేజీ తెచ్చేను కదా. వెనకాల నిలబడ్డాను. అందరూ చెయ్యి చాపుతుంటే నేనూ చాపేను. నువ్వు చూళ్ళేదు."

"అది వాళ్ళకే! నీకు డాక్టరు గారు రాసిచ్చేరు కదా!"

"ఎవరిచ్చినా విషమే అన్నావు. నా అట్ట మీదున్నది కూడా స్టెరాయిడ్డేనని మొదట్లో నువ్వే చదివి చెప్పేవు." చేత్తో బుగ్గలు తడుముకుంది. "అడిగితే వేసుకోమంటావని అడగలేదక్కా. వేసుకోవాలని లేదు నాకు. నా మొహం చూడు. ఆయన వీడియోలో చూసి, ఎవరది, బూరెలా ఉందని నవ్వేడు. పక్కనున్నవాళ్ళకి కూడా చూపించేడు. నువ్వు ఒట్టేయించేసరికి, పోనీలే, దేవుడే మానేయమంటున్నాడనుకున్నాను."

దాని మొహం ఉబ్బుతోందని నేనూ చూసేను. మందు తగ్గితే అదే తగ్గుతుందని డాక్టరు గారు చెప్పిన మాట దానికి ఒక్కసారి కూడా చెప్పలేదు. అట్టలో గదులు లెక్కపెట్టడమే తప్ప, పక్కన కూర్చుని నీకెలా ఉందే అని అడిగిన పాపాన పోలేదు.

"లెగు, ఆసుపత్రికెళ్దాం," అన్నాను. లేచింది గానీ రెండడుగులేసి స్తంభం పట్టుకుని జారిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా తగిలింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. అంత ఎండలో ఒళ్ళు చల్లబడ్డం చూసి ఆటో కోసం పరిగెత్తేను.

మా లంకకి వంతెన లేదు. రేవు దాకా ఆటోలో, రేవు నుంచి మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు మీద అవతలికి, మళ్ళీ ఆటో. పంటు మీద దాని తల నా ఒళ్ళో పెట్టుకుని, సంచిలోంచి అట్ట తీసి ఒక మాత్ర దాని పెదాల దగ్గర పెట్టేను. మూతి బిగించేసింది.

"ఒట్టక్కా," అంది.

"ఆ ఒట్టు వేయించింది నేనే. తీసి గట్టు మీద పెట్టేసేను. తిను."

ఆ నీరసంలో కూడా కళ్ళు తెరిచి నీళ్ళకేసి చూసింది. "గోదారి మధ్యలో ఉన్నాం. గట్టెక్కడుందక్కా?"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "నీ కాళ్ళు పట్టుకుంటానే, తినవే," అన్నాను. తిన్నది. రెండు నిముషాలకి అది కూడా వాంతిలో వెళ్ళిపోయింది.

రాజోలు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కళ్యాణి గారు, చిన్నావిడ. నన్ను మీటింగుల్లో చూసి ఎరుగుదురు. బీపీ చూస్తే ఎనభై బై యాభై ఉంది. సుగరు కూడా పడిపోయింది. ఆవిడ అడక్కముందే చెప్పేసేను: ఐదు నెలలుగా స్టెరాయిడ్ వాడుతోందండి, పదకొండు రోజుల కిందట ఒక్కసారిగా మానేసిందండి, అని. డాక్టరు గారు గిరుక్కున తిరిగి నర్సుకి ఇంజెక్షన్ పేరు చెప్పేరు. ఒక చేతికి ఇంజెక్షన్, రెండో చేతికి సెలైను పెట్టేరు. అప్పుడు నాకేసి చూసి, "ఈ మాట ముందే చెప్పబట్టి సరిపోయింది. చెప్పకపోతే వాంతులకి మందిచ్చి పంపేసేవాళ్ళమేమో," అన్నారు.

గంటన్నరకి కుమారి బుగ్గల్లోకి రంగొచ్చింది. "అక్కా, ఆకలేస్తోంది," అంది. ఆ మాట విన్నాక గానీ నేను కుర్చీలో కూలబడలేదు. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు తాగలేదు, అప్పుడు గుర్తొచ్చింది.

కళ్యాణి గారు పక్కకొచ్చి నిలబడ్డారు. "ఎవరాపమన్నారండీ ఈవిడని?"

"నేనేనండి," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. అంతా చెప్పేను. మీటింగు, బకెట్టు, ఒట్టు, ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాను. ఆవిడ కసురుతారేమో అనుకున్నాను, కసిరితే బాగుండుననిపించింది కూడాను. కసరలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మన ఒంట్లోనే ఆ స్టెరాయిడ్ లాంటిది రోజూ కొంచెం తయారవుతూ ఉంటుందండి. బీపీ నిలబడాలన్నా, సుగరు పడిపోకుండా ఉండాలన్నా అది కావాలి. నెలల తరబడి బయట్నుంచి మనమిస్తుంటే ఒళ్ళు తన పని మానేసి కూర్చుంటుంది. ఉన్నట్టుండి మాత్ర ఆపేస్తే, ఒళ్ళు వెంటనే లేచి పని అందుకోలేదు. అందుకే మెట్టు మెట్టుగా దింపుతాం."

కోడలు వచ్చేక అత్తగారు పొయ్యి దగ్గరకి రావడం మానేస్తుంది. ఆ కోడలు చెప్పాపెట్టకుండా పుట్టింటికి పోతే ఇంటిల్లిపాదీ పస్తే. నాకు ఆ పద్ధతిలో అర్థమైంది. పైకి అన్నాను కూడా. డాక్టరు గారు నవ్వేరు.

"అంతేనండి. ఇకనుంచి ఈవిడకి చెప్పండి. మాత్ర ఎప్పుడూ తిన్నాకే. పొద్దున్నే. తగ్గించాలన్నా ఆపాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి. జ్వరమొచ్చినా, వాంతులై మాత్ర కడుపులో నిలవకపోయినా ఆ రోజే ఆసుపత్రికి రావాలి. పన్ను పీకించుకోవడానికెళ్ళినా సరే, నేను స్టెరాయిడ్ వాడుతున్నానని ముందు చెప్పాలి. ఒక చీటీ మీద రాసిస్తాను, ఫోను కవర్లో పెట్టుకోమనండి. మొహం వాపు సంగతి చర్మం డాక్టరు గారికి చెప్పుకుంటే ఆవిడే చూస్తారు. చెప్పుకోడానికి సిగ్గెందుకు?"

"ఆయ్," అంటూ తలూపుతున్నాను. చిన్నపిల్ల దగ్గర పాఠం చెప్పించుకుంటున్నట్టుంది. చెప్పించుకోవాల్సిందే మరి.

"ఆ ఆర్.ఎం.పి. చేసింది తప్పే," అన్నారావిడ. "చూడకుండా, చెప్పకుండా ఏళ్ళ తరబడి ఇస్తే ఎముకలు గుల్లయిపోతాయి. మీరు చెప్పినదాంట్లో అది నిజమే..."

అక్కడ ఆగిపోయేరు. పెన్ను టేబులు మీద పెట్టేసేరు.

"రామలక్ష్మి గారూ, ఆ మీటింగుకి ఎంతమందొచ్చేరన్నారు?"

"ముప్పై ఆరుగురండి."

"వాళ్ళలో ఆ పొట్లాలు రోజూ మింగేవాళ్ళెంతమంది?"

"తెలీదండి."

"వాళ్ళూ అదే రోజు మానేసేరు కదా?"

మాన్పించేనని ఫొటో తీసి మరీ పెట్టుకున్నాను.

"ఈ పదకొండు రోజుల్లో నీరసమని, కళ్ళు తిరుగుతున్నాయని, వాంతులని మీ దగ్గరికెవరైనా వచ్చేరా?"

"ఈ ఎండలకి అందరూ వస్తున్నారండి. ఓఆర్ఎస్ పేకెట్లిచ్చి పంపించేస్తున్నాను."

"ఇవాళే అందర్నీ రప్పించండి. వాంతులు, మగత ఉన్నవాళ్ళని ముందు. వన్ నాట్ ఎయిట్‌కి నేను చెప్తాను. ఆ పాత మాత్రలు మళ్ళీ మింగమని మాత్రం చెప్పకండి, వాటిలో ఏముందో ఎంతుందో తెలీదు. నేను చూసి, ఎవరికెంత కావాలో రాస్తాను. మందు దింపేది కూడా ఇక్కడే, పద్ధతి ప్రకారం. కానీ ఎవరెవరు వాడేరో మనకి లిస్టు కావాలి."

లిస్టు నా దగ్గర లేదు. మాకు గర్భిణుల లిస్టుంది, బీపీల లిస్టుంది, దోమతెరలు పంచిన లిస్టు కూడా ఉంది. ఆ పొట్లాలు తీసుకున్నవాళ్ళ లిస్టు ఒక్కరి బుర్రలోనే ఉంది. ఆ మనిషిని ఊళ్ళోంచి తరిమేసింది నేనే. చేతులు కాలేక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు.

వరండాలోకి వచ్చి ఫోన్ చేసేను. ఎత్తరనుకున్నాను. రెండో రింగుకే ఎత్తేరు.

"ఆయ్, చెప్పండి రామలక్ష్మి గారు." ఎప్పట్లాగే మర్యాదగా.

"సత్యదుర్గారావు గారూ, మీ దగ్గర నొప్పుల పొట్లాలు రోజూ తీసుకునేవాళ్ళెవరెవరండి?"

"కేసు పెడుతున్నారాండి?"

"పెట్టేది ఉంటే తర్వాత పెడతాను. ఇప్పుడు మా కుమారి ఆసుపత్రిలో ఉంది. డాక్టరు గారు రాసిన మాత్రలు ఒట్టేసి మానేసింది, బీపీ పడిపోయింది. మీ వాళ్ళకి కూడా అలా అవుతుందంటున్నారు."

"అవుతుందండి," అన్నాడాయన.

"తెలుసా మీకు?"

"తెలుసండి. ఆ రోజు చెబుదామనే క్లినిక్కులోంచి రోడ్డు దాటి షెడ్డు దాకా వచ్చేను. మెల్లిగా మాన్పించండి, ఒక్కసారిగా వద్దు అని. మీరు బకెట్టు ఫొటో తీస్తున్నారు. నన్ను చూసి జనం ఈలలేసేరు. సిగ్గేసి వెనక్కి తిరిగిపోయేను."

"తెలిసుండి పదకొండు రోజులు ఊరుకున్నారా!"

"తప్పేనండి. ఇచ్చింది తప్పు, ఊరుకున్నది ఇంకా పెద్ద తప్పు." ఆయన గొంతు అలిసిపోయుంది. నాదీ అంతే. తిట్టాలంటే ఒక్క తిట్టూ నోటికి రాలేదు. ఇద్దరం దొందూ దొందే.

"పేర్లు చెప్పండి, రాసుకుంటాను," అని ఆసుపత్రి చీటీ వెనక్కి తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాను.

"పద్నాలుగు మందండి." ఆగేడు. "పదమూడు."

"సరిగ్గా చెప్పండి. పద్నాలుగా, పదమూడా?"

"నా దగ్గర తీసుకున్నది పద్నాలుగు మందేనండి. మొన్న మంగళవారం అమ్మాజీ గారు పోయేరు కదా. మూడేళ్ళ నుంచి రెండు పూటలా మింగేవారండి ఆవిడ."

అమ్మాజీ గారికి అరవై రెండేళ్ళు. మీటింగులో అందరికన్నా ముందు చెయ్యి చాపింది ఆవిడే. మంగళవారం మధ్యాహ్నం వాళ్ళింటికెళ్ళింది నేనే. కోడలు ఏడుస్తూ, రెండ్రోజులుగా వాంతులండి, మంచం దిగలేదండి అని చెప్తే, ఆధార్ నంబరు తీసుకుని, చావుకి కారణం అన్నచోట వడదెబ్బ అని రాసి సంతకం పెట్టేను.

ఒళ్ళో చీటీ కనిపించడం మానేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. లోపల కుమారి ఎవరితోనో ఇడ్లీ కావాలని అడుగుతోంది.

"ఉన్నారాండి?" అన్నాడు ఫోన్లో. "మిగతావి రాసుకోండి. మొదట సత్యవతి గారి పేరు రాయండి. రేవు పక్కన ఒక్కతే ఉంటుంది కదా, ఆవిడింటికి ముందెళ్ళండి. నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేసింది. లేవలేకపోతున్నాను, ఒట్టు నా మీద పోతే పోయింది, ఒక్క మాత్ర పంపించండి బాబూ అని ఏడ్చింది."

"మీరేమన్నారు?"

"దేవుడి మీద ఒట్టేసేవు కదమ్మా, నీ ఆశా అమ్మనే అడుక్కో అని పెట్టేసేనండి," అన్నారు సత్యదుర్గారావు గారు. "పొద్దుట్నుంచి నేనే చేస్తున్నాను. ఎత్తట్లేదు."